ఏది, ఎప్పుడు? – వెబ్‌సైటు ట్యాగుల లెక్కలో తీరని పేచీ

లక్షా ఇరవై నాలుగు వేల తొమ్మిది వందల తొంభై తొమ్మిది రూపాయల టీవీ పన్నెండు పైసలకు అమ్ముడుపోయినట్టు ఒకరోజు రిపోర్టులో కనపడింది. దుకాణం వాళ్లకు డబ్బు పూర్తిగానే ముట్టింది, బ్యాంకు లెక్క సరిపోయింది. తేడా వచ్చింది వెబ్‌సైటు తన అమ్మకాలను తాను లెక్కగట్టుకునే చోట. అప్పట్లో ఆ సైటుకు ట్యాగులు చూసే పని నాది. ఒక పూటంతా వెతికితే దొరికింది. పేజీ మీద ధర ‘₹1,24,999’ అని ఉండేది. దాన్ని చదివే డేటా ఎలిమెంట్‌లో ఎవరో, అంటే నేనే, నాలుగు ముక్కల కోడ్ రాసిపెట్టాను: అంకెలూ చుక్కా ఉంచు, మిగతావన్నీ తీసెయ్. రూపాయి గుర్తు పోయేది, కామాలు పోయేవి, 124999 మిగిలేది. చాలాకాలం బాగానే నడిచింది. సైటుకు తెలుగు పేజీలు పెట్టినప్పుడు ఆ గుర్తు తీసేసి ‘రూ. 1,24,999’ అని వేశారు. ‘రూ’ ఎగిరిపోయింది. దాని పక్కనున్న చుక్కను మాత్రం నా కోడ్ దశాంశ బిందువనుకుని అట్టిపెట్టుకుంది. మిగిలింది .124999.

ధర మారలేదు, కొన్నవాళ్లు మారలేదు, ట్యాగ్ మారలేదు. పేజీ ముస్తాబు మారింది, అంతే. ట్యాగ్ మేనేజ్‌మెంట్ అనే ఈ పనిలో ఎన్నాళ్లుగానో నలుగుతున్న తగవు ఈ ఒక్క చుక్కలో ఉంది.

ట్యాగ్ అంటే పేజీలో కూర్చునే ఒక చిన్న స్క్రిప్టు. ఎవరో పేజీ తెరిచారని, బటన్ నొక్కారని, సరుకు కొన్నారని మరో కంపెనీ సర్వరుకు కబురు పంపుతుంది. ఆ కబురుకు రెండు ప్రశ్నలు. ఏది పంపాలి? ఎప్పుడు పంపాలి? మొదటిదానికి జవాబు డేటా ఎలిమెంట్, రెండోదానికి జవాబు రూల్. అడోబీ వాళ్ల వాడుక ఇది. గూగుల్ ట్యాగ్ మేనేజర్‌లో మొదటిది వేరియబుల్, రెండోది ట్రిగ్గర్. పేర్లు వేరైనా సంసారం ఒకటే. నేర్పేవాళ్లు, అమ్మేవాళ్లు, వీడియోలు చేసేవాళ్లు రెండో ప్రశ్న చుట్టూనే తిరుగుతారు. రూల్ పెట్టగానే తెరమీద ఏదో జరుగుతుంది, చూపించడానికి బాగుంటుంది. నేను చూసినంతలో పాడైన లెక్కలు మాత్రం ఎక్కువగా మొదటి ప్రశ్న దగ్గర పాడయ్యాయి.

కొంచెం వెనక్కి వెళ్లాలి. ట్యాగును ప్రతి పేజీలో చేత్తో అతికించే కాలం ఒకటుంది. శాన్ డియేగోలోని అర్చిన్ అనే కంపెనీని గూగుల్ 2005 ఏప్రిల్‌లో కొని, నవంబరులో గూగుల్ అనలిటిక్స్ పేరుతో ఉచితంగా వదిలింది. తాకిడి తట్టుకోలేక కొన్నాళ్లు కొత్తవాళ్లను చేర్చుకోవడం ఆపాల్సి వచ్చింది. పెద్ద కంపెనీలు యూటా రాష్ట్రానికి చెందిన ఆమ్నిచర్ దగ్గరికి వెళ్లేవి. దాని సైట్‌క్యాటలిస్ట్‌లో సమాచారం నింపడానికి ప్రాప్‌లు, ఈవార్‌లు అని నంబర్లు వేసిన గళ్లుండేవి. ఇరవై ఏడో ఈవార్‌లో ఏముంది అంటే ఆఫీసులో ఒకరి ఎక్సెల్ షీటు తెరవాలి. ఆ ఒకరు సెలవు పెడితే అంతే సంగతులు. అడోబీ 2009లో 180 కోట్ల డాలర్లకు ఆమ్నిచర్‌ను కొన్నప్పుడు ఆ గళ్లన్నీ దాని ఇంటికి చేరాయి, ఇప్పటికీ ఉన్నాయి.

అసలు బాధ గళ్లది కాదు, రిలీజులది. మార్కెటింగ్ వాళ్లకు ఇవాళ ఒక పిక్సెల్, అంటే ప్రకటనల కంపెనీ ట్యాగ్, కావాలి. డెవలపర్ల తర్వాతి రిలీజు మూడు వారాల తర్వాత. అప్పటికి ఆ ప్రచారమే అయిపోతుంది. బ్రిటన్‌లో 2007లో ట్యాగ్‌మ్యాన్, శాన్ డియేగోలో 2008లో టీలియం, ఆ మరుసటేడు ఎన్‌సైటెన్ పుట్టింది ఈ గొడవ తీర్చడానికే. (ఈ విద్యకూ శాన్ డియేగోకూ ఏం చుట్టరికమో!) పేజీలో ఒక్కసారి ట్యాగులన్నీ పట్టే ఒక్క కంటైనర్ పెట్టించుకోండి, తర్వాత మీకు కావలసినవి మీరే పెట్టుకోండి అన్నారు. 2012 అక్టోబరులో గూగుల్ ఇదే వస్తువును ఉచితంగా ఇచ్చింది. మరుసటేడు అడోబీ, సెర్చ్ డిస్కవరీ అనే సంస్థ నుంచి శాటిలైట్ అనే పరికరాన్ని కొని డైనమిక్ ట్యాగ్ మేనేజ్‌మెంట్ అని పేరు పెట్టింది. 2017లో దాని స్థానంలో లాంచ్‌ను ప్రకటించింది, 2021లో పాతదాన్ని మూసేసింది. ఆ తర్వాత లాంచ్ అనే పేరు కూడా తీసేసి ఒట్టి ‘ట్యాగ్స్’ అంది. ఇన్ని పేర్లు మారినా బ్రౌజర్ లోపల చూస్తే ఆ వస్తువు ఇవాళ్టికీ ‘శాటిలైట్’ అన్న పేరుకే పలుకుతుంది. పుట్టింటి పేరు పోలేదు.

డెవలపర్ చేతిలోంచి పని మార్కెటింగ్ చేతికి వచ్చింది, మంచిదే. అయితే ఆ చేతికి పేజీ లోపలి సంగతి తెలియదు, పైకి కనపడేది మాత్రమే తెలుసు. కనపడేదాన్ని చదివి లెక్క రాసే అలవాటు అక్కడ మొదలైంది. ఇల్లు అలకగానే పండగ కాదంటారు. కంటైనర్ పెట్టిన రోజునే పండగ చేసుకున్నవాళ్లు చాలామంది.

డేటా ఎలిమెంట్‌ను పోపులపెట్టెలో గిన్నె అనుకోండి. గిన్నె ఏదో తెలిస్తే వంటమనిషికి చాలు, ఆవాలు ఏ కొట్టులో కొన్నారో అక్కర్లేదు. ‘వస్తువు ధర’ అని ఒక డేటా ఎలిమెంట్ చేసి పెడితే నలభై రూళ్లు దాన్ని ఆ పేరుతోనే పిలుస్తాయి. ఆ ధర జావాస్క్రిప్ట్ వేరియబుల్ నుంచి రావచ్చు, కుకీ నుంచి, అడ్రసు బార్‌లో ప్రశ్నార్థకం తర్వాత ఉండే ముక్క నుంచి, బ్రౌజర్ నిల్వ నుంచి, పేజీలోని ఏదో ఒక అంశం నుంచి, లేదా నాలాంటివాడు రాసిన సొంత కోడ్ నుంచి కూడా రావచ్చు. వచ్చే చోటు మారితే ఒక్క చోట దిద్దితే చాలు. నిజం చెప్పాలంటే ఆ పన్నెండు పైసల టీవీని బాగు చేయడానికి పది నిమిషాలు కూడా పట్టలేదు. అదే కోడ్ ప్రతి రూల్‌లోనూ విడివిడిగా అతికించి ఉంటే వారం పట్టేది. పేరునూ వచ్చే చోటునూ విడదీయడమే డేటా ఎలిమెంట్ చేసిన మేలు. తప్పును అది ఆపలేదు, ఒక్క చోట కట్టేసింది.

ఆ పెట్టె అడుగున కొన్ని మీటలున్నాయి. చాలామంది వాటిని చూడకుండానే సేవ్ నొక్కేస్తారు. అడోబీ ట్యాగ్స్‌లో ‘నిల్వ కాలం’ అని ఒకటుంది: అసలు వద్దు, ఈ పేజీ వరకు, ఈ సెషన్ వరకు, ఈ సందర్శకుడు ఉన్నంతకాలం. మంచి సౌకర్యం లాగే కనపడుతుంది. సందర్శకుడు ‘నీళ్ల మోటారు’ అని వెతికాడనుకోండి. ఆ మాటను సెషన్ వరకు నిల్వ పెట్టారు. తర్వాత అతను వెతకడం మానేసి, మెనూలోంచి వెళ్లి మిక్సీ కొన్నాడు. మిక్సీ పేజీలో వెతికిన మాట లేదు కాబట్టి డేటా ఎలిమెంట్ తన దగ్గర దాచిన పాత మాట తీసి ఇస్తుంది. ‘నీళ్ల మోటారు’ అని వెతికినవాళ్లు మిక్సీలు కొంటున్నారని రిపోర్టు చెబుతుంది. ఎవరో ఒకరు దానిమీద స్లైడు కూడా చేస్తారు. ‘సందర్శకుడు ఉన్నంతకాలం’ అన్నదైతే యాపిల్ సఫారీలో ఉత్త మాట. స్క్రిప్టు రాసే కుకీల ఆయుష్షును సఫారీ 2019లో ఏడు రోజులకు కుదించింది. 2020లో స్క్రిప్టులు వాడే మిగతా నిల్వకూ అదే గడువు పెట్టింది. ఏడు రోజుల సఫారీ వాడకంలో ఆ సైటువైపు రాని మనిషిని అది కొత్తవాడి కిందే లెక్కగడుతుంది.

డిఫాల్ట్ విలువ మీద నాకో పట్టుదల ఉంది. ధర దొరకకపోతే సున్నా అని పెట్టే అలవాటు చాలాచోట్ల చూశాను. సున్నా ఒక ధర. ఉచితంగా ఇచ్చిన వస్తువుకూ, చదవలేకపోయిన వస్తువుకూ తేడా అక్కడే పోతుంది. సంఖ్య దొరకకపోతే ఖాళీగా వదలాలి. మాట దొరకకపోతే ‘అందలేదు’ అని రాయాలి. రిపోర్టులో ‘అందలేదు’ అన్న వరస పెరుగుతుంటే ఎవరో ఒకరు అడుగుతారు. సున్నాను ఎవరూ అడగరు.

ఇక పెద్ద తగవు: విలువను పేజీ మీది రాత నుంచి తీసుకోవాలా, డేటా లేయర్ నుంచా? డేటా లేయర్ అంటే దుకాణంలో చిట్టా పుస్తకం లాంటిది. జరిగినదాన్ని డెవలపర్ల కోడ్ దాంట్లో రాస్తూ పోతుంది, ట్యాగులన్నీ అందులో చూసి పనిచేసుకుంటాయి. ఈ చిట్టా అందరికీ ఒకేలా ఉండాలని డబ్ల్యూ3సీలోని ఒక కమ్యూనిటీ బృందం 2013 డిసెంబరులో ఒక నమూనా తెచ్చింది. పేజీకి ఇవి, వస్తువుకు ఇవి, కొనుగోలు బుట్టకు ఇవి అని గళ్లు చక్కగా గీసింది. అది అధికారిక ప్రమాణం కాదు, బృందం నివేదిక మాత్రమే. అయినా చాలా సైట్లలో దాని ఆకారం ఇప్పటికీ కనపడుతుంది. దాని లోపం ఒకటే: అది ఫొటో. పేజీ తెరిచే వేళకు ఉన్నదాన్ని పట్టుకుంటుంది, ఆ తర్వాత జరిగేదాన్ని చెప్పడం దానికి తేలిక కాదు. పేజీ మారకుండానే తెర మారిపోయే ఇప్పటి సైట్లలో అది సరిపోలేదు. గూగుల్ డేటా లేయర్ మొదటినుంచీ వరస. జరిగింది జరిగినట్టు ఒకదాని వెనక ఒకటి తోస్తారు. అడోబీ కూడా తర్వాత అదే పద్ధతిలో తన క్లయింట్ డేటా లేయర్‌ను అందరికీ తెరిచి ఇచ్చింది. ఈ విషయంలో వాదన ముగిసిందనే అంటాను. చిట్టా వరసగానే ఉండాలి.

వరసకూ ఓ కిటుకుంది. గూగుల్ ట్యాగ్ మేనేజర్ కొత్తగా వచ్చినదాన్ని పాతదానితో కలిపేస్తుంది. మొదట మూడు వస్తువుల జాబితా తోసి, పేజీ మారకుండానే తర్వాత ఒక వస్తువు జాబితా తోస్తే మొదటి గడి మారుతుంది, పాత రెండో మూడో వస్తువులు అలాగే కూర్చుంటాయి. ఒక్క చీర కొన్నామెకు అంతకుముందు చూసిన చీరలు కూడా అంటగట్టినట్టవుతుంది. కొత్తది తోసేముందు పాత గంపను ఖాళీ చేయమని గూగుల్ సలహాయే ఉంది. దాన్ని పాటించని కోడ్ రెండు సైట్లలో నేనే దిద్దాను.

పేజీ మీది రాత చదవడం ఎప్పుడూ తప్పేనా అంటే కాదు. అద్దెకు తీసుకున్న ప్లాట్‌ఫారం మీద నడిచే సైటుంటుంది, దాని లోపల వేలు పెట్టే వీలుండదు. పది రోజుల ప్రచారం కోసం ఒక పేజీ లేస్తుంది, దానికి చిట్టా రాయించే తీరిక ఎవరికీ ఉండదు. అలాంటప్పుడు మధ్యేమార్గం ఒకటుంది. కంటికి కనపడే రాతను వదిలేసి, బటనుకో కార్డుకో వెనక ‘డేటా’ అని మొదలయ్యే గుర్తులు వేయించి వాటిని చదవడం. డిజైనరు రంగు మార్చినా మాట మార్చినా ఆ గుర్తు కదలదు. డెవలపర్‌ను ఇంతమాత్రం అడగడానికి మొహమాటపడే ట్యాగుల మనుషులు రూళ్ల మీద రూళ్లు పేర్చుకుంటూ పోతారు.

తెలుగు పేజీలకు ఈ సంగతి ఇంకా గట్టిగా వర్తిస్తుంది, ఎందుకో కాస్త నిలబడి చూడాలి. అడోబీ అనలిటిక్స్‌లో ప్రాప్‌కు 100 బైట్లు, ఈవార్‌కు 255 బైట్లు, పేజీ పేరుకు 100 బైట్లు పరిమితి. ఇంగ్లిషు అక్షరం ఒక బైటు. యూనికోడ్‌ను యూటీఎఫ్-8లో రాసినప్పుడు తెలుగు గుర్తు ఒక్కోటి మూడు బైట్లు, అదీ గుణింతానికి వేరు, వత్తుకు వేరు. ‘శ్రీ’ అని మనం ఒక్క అక్షరంగా రాసేది కంప్యూటరుకు నాలుగు గుర్తులు, పన్నెండు బైట్లు. వంద బైట్లలో పట్టేది ముప్ఫై మూడు గుర్తులే. అంటే ఒక వార్త శీర్షిక సగానికే తెగుతుంది. ఒకే మాటలతో మొదలయ్యే రెండు వార్తలు రిపోర్టులో ఒకటైపోతాయి. అడ్రసులో పడితే మరీ ఘోరం. ‘తిరుపతి’ ఏడు గుర్తులు, ఇరవై ఒక్క బైట్లు, శాతం గుర్తులతో కోడ్ అయ్యాక అరవై మూడు క్యారెక్టర్లు. గూగుల్ అనలిటిక్స్ 4 పరిమితులు బైట్లలో కాక క్యారెక్టర్లలో ఉన్నందుకు కొంత నయం. సామాన్యమైన ఈవెంట్ పరామితికి అక్కడ వంద పడతాయి. అందుకే తెలుగు వార్తా సైటుకు శీర్షికను గుర్తింపుగా వాడకూడదు. వార్తకు ఒక నంబరు ఉంటుంది, దాన్ని పంపి, శీర్షికను తర్వాత పట్టికలోంచి కలుపుకోవాలి.

ఇంకో తమాషా ఉంది. ‘బుక్ చేయి’ అన్న బటన్ నొక్కితే పనిచేసే రూల్ ఒకటి రాశారు. షరతు: బటన్ మీది మాట సరిగ్గా ఇదే కావాలి. రూల్ పనిచేయదు. తెరమీద అక్షరం అక్షరం పోల్చి చూసినా తేడా కనపడదు. పొల్లు తర్వాత టైపు చేసే పరికరం ఒక కనపడని గుర్తు పెట్టి ఉంటుంది. ‘జీరో విడ్త్ నాన్ జాయినర్’ అంటారు దాన్ని. ‘సాఫ్ట్‌వేర్’ లాంటి మాటల్లో వత్తు కిందికి దిగకుండా ఆపేది అదే. మాట చివర, ఖాళీకి ముందు ఉన్నప్పుడు కంటికి ఆనదు. కంటికి ఆ రెండు మాటలూ ఒకటి, యంత్రానికి వేరు. అటూ ఇటూ ఖాళీలు కత్తిరించే ఆప్షన్ దాన్ని ముట్టుకోదు, ఎందుకంటే అది ఖాళీ కింద లెక్క కాదు. ‘అన్నీ చిన్నక్షరాలు చేయి’ అన్న మీట తెలుగుకు ఎలాగూ అక్కరకు రాదు. సందర్శకుడు పైన భాష మార్చగానే ఇంగ్లిషు మాట మీద రాసిన రూళ్లన్నీ ఒక్కసారిగా నిద్రపోతాయన్నది మరో కథ. అమీర్‌పేటలో నేర్చుకున్నా అమెరికాలో నేర్చుకున్నా ఉదాహరణలన్నీ ఇంగ్లిషు పేజీలవే, అందుకే ఇవి పాఠాల్లో తగలవు.

రూళ్ల సంగతికి వద్దాం. రూల్ నిర్మాణం సులువు: ఇది జరిగితే, ఈ షరతులుంటే, ఈ మినహాయింపులు లేకపోతే, ఈ పనులు చేయి. అడోబీలో ఒకే రూల్‌కు అనేక ఘటనలు పెడితే ఏ ఒక్కటి జరిగినా చాలు, షరతులు మాత్రం అన్నీ నెరవేరాలి. గూగుల్‌లో కూడా ఒక ట్యాగుకు కట్టిన ట్రిగ్గర్లలో ఏదైనా చాలు, ట్రిగ్గర్ లోపలి షరతులు అన్నీ కావాలి. మినహాయింపు దగ్గర కొత్తవాళ్లు తప్పక పడే గొయ్యి ఒకటుంది. గూగుల్‌లో మినహాయింపు కూడా అదే ఘటన మీద ఉండాలి. పేజీ తెరిచే ఘటన మీద పెట్టిన మినహాయింపు క్లిక్ మీద నడిచే ట్యాగును ఆపదు. ఆపేసిందనుకుని నిద్రపోయినవాళ్లున్నారు.

కష్టమంతా ‘ఎప్పుడు’లో ఉంది. అడోబీలో పేజీ తెరిచే క్రమానికి నాలుగు మజిలీలు: లైబ్రరీ దిగగానే, పేజీ అడుగుకు చేరగానే, పేజీ చట్రం సిద్ధం కాగానే, బొమ్మలతో సహా అన్నీ దిగాక. మొదటి మజిలీలో పంపితే, డేటా లేయర్ ఇంకా రాసి ఉండకపోవచ్చు, ఖాళీ గళ్లు వెళ్తాయి. చివరి మజిలీ దాకా ఆగితే, సిగ్నల్ అంతంతమాత్రంగా ఉన్న ఫోనులో పేజీ నిండేలోపు మనిషి వెనక్కి వెళ్లిపోతాడు, లెక్కలోకే రాడు. ముందు పంపితే ఖాళీ, తర్వాత పంపితే లోటు. ఈ ఊగిసలాటను ఆపేది మజిలీలను నమ్మడం మానేయడం. ‘పేజీ సమాచారం సిద్ధం’ అని చిట్టాలో ఒక పద్దు పడాలి, రూల్ దానికోసమే కాచుకోవాలి. అడోబీలో నేరుగా రూల్‌ను పేరు పెట్టి పిలిచే పద్ధతి, ‘డైరెక్ట్ కాల్’, పాతకాలం నుంచీ ఉంది, అదీ పనికొస్తుంది. దాంతో తంటా ఏమిటంటే డెవలపర్ కోడ్‌లో ట్యాగ్ పరికరం పేరు నాటుకుపోతుంది. రేపు పరికరం మారిస్తే పాత పేర్లు ఏరుకోవాలి.

రూళ్ల క్రమానికి అడోబీ ఒక నంబరు ఇస్తుంది, మామూలుగా 50, చిన్న నంబరు ముందు నడుస్తుంది. దాదాపు అందరూ 50 దగ్గరే వదిలేస్తారు. నంబరు ఒకటే అయినప్పుడు ఏది ముందో హామీ లేదు. గుడి ముందు అందరికీ ఒకే నంబరు టోకెన్ ఇచ్చి క్యూలో నిలబెట్టినట్టు.

ఒక్కో బటనుకు ఒక్కో రూల్ రాయాలా, అన్ని క్లిక్కులకూ ఒకే రూల్ చాలా? మొదటి పద్ధతిలో నూరు దాటిన రూళ్లతో ఒక కంటైనర్ నా చేతికి వచ్చింది. సగం రూళ్లు చూస్తున్న బటన్లు సైటులో లేనే లేవు. తీసేద్దామంటే ఎవరూ ఒప్పుకోరు, ఏది దేనికి ముడిపడిందో అన్న భయం. రెండో పద్ధతిలో రూల్ ఒక్కటే. నొక్కిన బటన్ వెనక గుర్తు ఏమిటో డేటా ఎలిమెంట్ చెబుతుంది. నా ఓటు దీనికే. ఇక్కడ కూడా భారం రూల్ మీదనుంచి డేటా ఎలిమెంట్ మీదికే జరిగింది, చూశారా.

కొనుగోలు రెండుసార్లు లెక్కపడే రోగం కూడా అంతే. ‘ధన్యవాదాలు’ పేజీ తెరిస్తే అమ్మకం రాయి అని రూల్ పెడతారు. ఫోనులో పాత ట్యాబు మళ్లీ తెరిస్తే ఆ పేజీ మళ్లీ దిగుతుంది, అమ్మకం మళ్లీ పడుతుంది. రూల్‌కు షరతులు చేర్చి చూస్తారు, ఆగదు. ఆర్డరు నంబరును డేటా ఎలిమెంటుగా తీసుకుని పంపితే అడోబీ అనలిటిక్స్, గూగుల్ అనలిటిక్స్ 4 రెండూ అదే నంబరు రెండోసారి వచ్చినప్పుడు కలిపేసుకుంటాయి. మిగతా ప్రకటనల పిక్సెళ్ల కోసం, ఈ నంబరు ఇంతకుముందు చూశామా అని రూల్‌లో ఒక్క షరతు చాలు.

ఇప్పటివరకూ చెప్పింది లెక్కలు తప్పడం గురించి. ఇంతకంటే బరువైన సంగతి ఉంది: పంపకూడనిది పంపడం. 2022 జూన్‌లో ‘ది మార్కప్’ అనే అమెరికా వార్తాసంస్థ న్యూస్‌వీక్ జాబితాలోని వంద పెద్ద ఆస్పత్రుల సైట్లు పరీక్షించింది. అపాయింట్‌మెంట్ బటన్ నొక్కగానే మెటా పిక్సెల్ ద్వారా ఫేస్‌బుక్‌కు సమాచారం పంపుతున్నవి 33 తేలాయి. బటన్ మీది మాట, డాక్టరు పేరు, కొన్నిచోట్ల రోగి వెతికిన జబ్బు పేరు కూడా వెళ్లాయి. ఎవరో కూర్చుని రోగి రహస్యాలు పంపుదామనుకుని ఉండరు. పేజీ మీది రాతనూ అడ్రసు బార్‌నూ తనంతట తాను చదివే స్క్రిప్టును అక్కడ పెట్టారు, అంతే. ఏది పంపాలన్న ప్రశ్నకు జవాబు చెప్పుకోకుండా ఎప్పుడు పంపాలన్నదానికే జవాబు రాస్తే జరిగేది ఇది.

బయటివాళ్ల స్క్రిప్టు ఎక్కడ పెడుతున్నామో చూసుకోకపోతే జేబు కూడా చిల్లు పడుతుంది. టికెట్‌మాస్టర్ తన చెల్లింపు పేజీలో వేరే కంపెనీ చాట్‌బాట్ పెట్టింది. దొంగలు ఆ చాట్‌బాట్ స్క్రిప్టులో చొరబడి కార్డు వివరాలు తోడుకున్నారు. బ్రిటన్ సమాచార కమిషనర్ 2020 నవంబరులో 12.5 లక్షల పౌండ్ల జరిమానా వేశారు. చెల్లింపు పేజీలో నడిచే ప్రతి స్క్రిప్టుకూ అనుమతి, జాబితా, ఎందుకు పెట్టామో రాతపూర్వక కారణం ఉండాలని కార్డు పరిశ్రమ భద్రతా నియమావళి 2025 మార్చి 31 నుంచి తప్పనిసరి చేసింది. ట్యాగ్ మేనేజర్‌లో సొంత కోడ్ రాసే గడి తాళంచెవి లాంటిది. ఏజెన్సీ మారినప్పుడు ఆ చెవి వెనక్కి తీసుకున్నారా?

అనుమతి సంగతిలో ఐరోపా ముందుంది. జర్మనీలో హానోవర్ పరిపాలనా న్యాయస్థానం 2025 మార్చిలో ఇచ్చిన తీర్పులో, లోపలి ట్యాగులకే కాదు, గూగుల్ ట్యాగ్ మేనేజర్‌ను దింపడానికి కూడా ముందు సందర్శకుడి అనుమతి కావాలంది. డబ్బా ఖాళీగా ఉన్నా డబ్బా డబ్బాయే అన్నమాట. మన దేశంలో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 2023 ఆగస్టులో వచ్చింది, నియమాలు 2025 నవంబరులో వచ్చాయి. ముఖ్యమైన బాధ్యతలకు 18 నెలల గడువిచ్చారు. అనుమతి అడిగే నోటీసును ఇంగ్లిషులో గానీ, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని ఏ భాషలో గానీ చదువుకునే వీలు ఇవ్వాలని చట్టం చెబుతోంది. ఆ షెడ్యూలులో తెలుగు ఉంది. కాబట్టి తెలుగులో అడిగిన అనుమతికి ‘వద్దు’ అన్నారా ‘సరే’ అన్నారా అన్నది కూడా ఇక ఒక డేటా ఎలిమెంట్ కావాలి, ప్రతి రూల్ దాన్ని చూసి కదలాలి. ఆ జవాబును బటన్ మీది మాట చదివి తెలుసుకుంటామనేవాళ్లకు పైన చెప్పిన కనపడని గుర్తును మళ్లీ గుర్తు చేస్తాను.

దీనంతటికీ సర్వర్ వైపు ట్యాగింగే మందు అని కొందరంటున్నారు. గూగుల్ 2020లో దాన్ని బయటికి తెచ్చింది, అడోబీకి ఈవెంట్ ఫార్వర్డింగ్ ఉంది. బ్రౌజర్ ఒక్క కబురు పంపుతుంది, అక్కడినుంచి ఎవరికి ఏం వెళ్లాలో మన సర్వర్ పంచుతుంది. పేజీ తేలికవుతుంది, బయటి స్క్రిప్టులు తగ్గుతాయి, పంపకూడనివి దారిలో కోసేయవచ్చు. మేలే. సర్వర్ మీద మాత్రం పేజీ ఉండదు. చదవడానికి బటన్ లేదు, ధర చీటీ లేదు. బ్రౌజర్ ఏం రాసి పంపిందో అదే దానికి దిక్కు. చిట్టా సరిగ్గా రాసుకోనివాళ్లు అక్కడికి వెళితే తప్పునే వేగంగా పదిమందికి పంచుతారు. సర్వర్‌కు మారాలనుకునే ఏ సైటైనా ముందు తన డేటా లేయర్ బాగు చేసుకోక తప్పదు. బాగు చేసుకున్నాక సగం మంది మారాల్సిన అవసరమే లేదనుకుంటారని నా అనుమానం.

పరికరాల్లో ఏది మంచిదని అడుగుతారు. చిన్న సైటుకు గూగుల్ చాలు. అడోబీ అనలిటిక్స్ వాడుతున్నవాళ్లకు అడోబీ ట్యాగ్స్ సహజం. డెవలప్‌మెంట్, స్టేజింగ్, ప్రొడక్షన్ అని మజిలీలు, మధ్యలో ఆమోదం అన్న కట్టుబాటు దానిలో గట్టిగా ఉంటుంది. ఎన్నో కంపెనీల ట్యాగులు కలగలిసి ఉన్నచోట టీలియం బాగుంటుంది. ఈ ప్రశ్నకు నేనింతకంటే సమయం ఇవ్వను. టీవీని పన్నెండు పైసలకు అమ్మడం ఈ మూడింటిలోనూ సాధ్యమే.

తప్పు ఎవరిదని అడిగితే తిలాపాపం తలా పిడికెడు. డెవలపర్ చెప్పకుండా పేజీ మార్చాడు, మార్కెటింగ్ చెప్పకుండా రూల్ పెట్టింది, ఏజెన్సీ రాసిపెట్టకుండా వెళ్లిపోయింది. ఆ టీవీ ధర ఇప్పుడు డేటా లేయర్ నుంచి వస్తోంది, గుర్తూ కామా చుక్కా లేని ఉత్త సంఖ్యగా. ఈ పని మీ చేతిలో ఉంటే ఒక గంట తీరిక చేసుకోండి. కంటైనర్ తెరిచి, రూళ్ల జోలికి పోకుండా, డేటా ఎలిమెంట్లు ఒక్కొక్కటీ విలువ ఎక్కడినుంచి తెస్తున్నాయో చూడండి. పేజీ మీది రాత నుంచి తెచ్చేవాటి పక్కన టిక్కు పెట్టి, ఆ జాబితాను మీ డెవలపర్‌కు ఇవ్వండి.